పైగది పెద్దమనిషికి ఒక మాట

"'ఫినిష్' అని అరిచాను. 'గో, గో' అని అరిచాను. కదిలితేనా! ఇంకాస్త మర్యాదైన ఇంగ్లీషు నేర్పు ఉస్తాద్," అంది లల్లా తామూ.

టాంజియర్ ఊరి బడిలో ఇంగ్లీషు చెప్పే జవాద్ నవ్వు ఆపుకుంటూ పుదీనా టీ అందుకున్నాడు.

"అరబ్బీలో చెప్పి చూడకపోయారా?"

"ముప్ఫై ఏళ్ళు నా పైగదిలో అద్దెకున్నాడు ఆ ఇంగ్లీషు దొర, ఒక్క అరబ్బీ ముక్క నేర్చుకోలేదు. ఇప్పుడు చచ్చాక నేర్చుకుంటాడా?"

అంతలో పైన చేతికర్ర చప్పుడైంది. టక్... టక్... కిటికీ దాకా వెళ్ళి ఆగింది.

జవాద్ తలెత్తి పైకప్పు వైపు చూశాడు. ఆ గది ఖాళీగా ఉందని ఇందాకే ఆమె తలుపు తెరిచి మరీ చూపించింది.

"కోడలికి నెలలు నిండాయి నాయనా. ఆయన ఉన్నంతకాలం బిడ్డతో ఈ గడప తొక్కనంటోంది. మనవణ్ణి ఎత్తుకోకుండానే పోతానేమో." ఆమె కళ్ళు తుడుచుకుంది.

జవాద్ గొంతు సవరించుకున్నాడు. "'యువర్ స్టే హాజ్ డ్రాన్ టు ఎ క్లోజ్.' మీ బస ముగిసింది అని. 'ఫినిష్' అంటే మెడపట్టి గెంటినట్టుంటుంది. ఇలా అంటే గుమ్మం దాకా సాగనంపినట్టుంటుంది."

"యువర్ స్టే... క్లోత్స్."

"క్లోత్స్ అంటే బట్టలు లల్లా! క్లోజ్."

"క్లోజ్, క్లోజ్," అని గొణుక్కుంటూ ఆమె తలమీద ముసుగు సర్దుకుని మెట్లెక్కింది. జవాద్ కిందే నిలబడ్డాడు.

పైనుంచి ఆమె గొంతు వినిపించింది. ఒక్క అక్షరం తప్పలేదు. ఆ తర్వాత, నెమ్మదిగా, ఓ మగగొంతు ఏదో పలికింది.

కర్ర మెట్లు దిగసాగింది. మనిషి లేడు. చప్పుడు మాత్రం ఒక్కో మెట్టే దిగి, జవాద్ పక్కకు వచ్చి ఆగింది. పాత చుట్ట వాసన గుప్పుమంది. అతను గోడకు అతుక్కుపోయాడు.

వెనకే లల్లా తామూ గబగబా దిగింది. మొహం వెలిగిపోతోంది.

"నీ నోట్లో చక్కెర పొయ్య! ఒప్పుకున్నాడు! గది వదిలేశాడు!"

"ఏ... ఏమన్నాడు?"

"నాకేం తెలుస్తుంది? నువ్వే అర్థం చెప్పు. మాటలైతే గుర్తున్నాయి." ఆమె కళ్ళు మూసుకుని, పాఠం అప్పజెప్పినట్టు ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అంది:

"వెరీ వెల్, మేడమ్. ఐ షల్ లివ్... విత్ ద టీచర్."