రంగు చుక్కల పరీక్ష

"ఇది స్నోబోర్డా, మంచు తవ్వే పారా?"

ఇగరాషి ఎర్ర చుక్క ఉన్న బోర్డును చిజురు చేతిలోకి దాదాపు విసిరేశాడు. ఆయన నడుము దాకా మంచే. మీసాల్లో కూడా మంచే.

"మెత్తటి మంచులోకి దిగానో లేదో, ముక్కు కూరుకుపోయింది. నేను తేలాలమ్మా, మునగడానికి రాలేదు."

చిజురు తల వంచి క్షమించమంది. వ్యానులో కూర్చున్న ఆమె తమ్ముడు తకుమా పళ్లు నూరాడు.

జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైడోలో దుకాణాలవాళ్లు వచ్చే శీతాకాలం సరుకును ఈ శీతాకాలంలోనే తొక్కి చూసి ఖాయం చేసుకుంటారు. ఇగరాషికి ఊరూరా దుకాణాలున్నాయి. ఆయన ఊ అంటే వీళ్ల నాన్న పెట్టిన బోర్డుల షెడ్డు ఇంకొన్నాళ్లు నడుస్తుంది. ఊహూ అంటే, ఉల్లిగడ్డలు నిలవ చేసుకోవడానికి ఎప్పటినుంచో అడుగుతున్న పక్క రైతుకు దాన్ని ఇచ్చేయడమే. నాన్నకు చేతులు వణుకు. బోర్డు పొరలను అతికించే ప్రెస్సు కొత్త సంవత్సరం నుంచీ మొరాయిస్తోంది. ఇక మిగిలిన ఆశ ఈ మనిషే.

ఆయన కోరిక చిన్నదేమీ కాదు. చదును చేసిన గట్టి మంచును బోర్డు అంచుతో కోసుకుంటూ మలుపులు తిరగాలి. కొత్తగా కురిసిన మెత్తటి మంచులో తేలాలి. రెండు పనులూ ఒకే బోర్డు చేయాలి. నాలుగు రకాలు చేసి తెండి, ఒకటి ఎంచుకుంటాను అన్నాడు.

పైగా ఒక నియమం. బొమ్మలూ పేర్లూ చూస్తే మనసు మోసపోతుందట. అందుకని ప్రతి బోర్డు పైనా నల్ల కవరు అంటించాలి. గుర్తుకు ఒక రంగు కాగితపు చుక్క ఉంటే చాలు. తొక్కే క్షణం దాకా ఏదీ ఆయన కంట పడకూడదు.

"అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఎలాగక్కా?" అన్నాడు తకుమా గొంతు తగ్గించి.

"నోర్మూసుకుని పని చూడు."

ఇగరాషి తన కారులో కూర్చుని ఫ్లాస్కులోని మిసో సూపు తాగుతూ కేకేశాడు. "ఎంతసేపమ్మా? పొద్దు గూకేదాకా ఇక్కడే కూర్చోనా?"

"మీ పట్టీలు విప్పి మళ్లీ బిగించాలి కదండీ. ఒక్క నిమిషం."

అదింకో చాదస్తం. ఏ బోర్డు తొక్కినా కాళ్లను దానికి బిగించే పట్టీలు తనవే ఉండాలి.

నీలం చుక్క వచ్చింది. మెత్తటి మంచులో హాయిగా తేలింది. గట్టి మంచు మీదకు రాగానే మలుపులో జారింది. ఇగరాషి తుంటి మీద పడ్డాడు.

"అంచులకు పదునేదీ? దీంతో మెత్తటి తోఫూ కూడా తెగదు!"

చిజురు మళ్లీ తల వంచింది. బోర్డు తీసుకుని వ్యానెక్కి తలుపు మూసింది. లోపల గరగర చప్పుడు.

ఇగరాషి వచ్చి తలుపు మీద చెయ్యి వేశాడు. "ఏం చేస్తున్నారు? చూడనీ."

చిజురు బయటికొచ్చి అడ్డం నిలబడింది. "మీ నియమమే కదండీ. ముందే చూస్తే మనసు మోసపోతుంది."

ఆయన గొణుక్కుంటూ వెళ్లి అన్నం ముద్ద పొట్లం విప్పుకున్నాడు.

పసుపు చుక్క అంచు మంచును పట్టింది. పట్టింది కానీ వదల్లేదు. ఈసారి ఇగరాషి బోర్లా పడ్డాడు.

"ఇది నన్ను తిప్పలేదు, నేలకేసి కొట్టింది! మీ నాన్న చేసుంటే ఇలా ఉండేదా? నేనడిగింది ఒక్క బోర్డమ్మా! రెండు పనులూ తెలిసిన ఒకే ఒక్క బోర్డు! మీరేమో ఒక్కోదానికి ఒక్కో రోగం అంటించి తెచ్చారు."

చిజురుకు ఒళ్లు మండిపోయింది. కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషితో వాదించి ఏం లాభం?

"ఇంకొకటి ఉందండీ," అంది.

వ్యానులో తకుమా వేళ్లు కొంకర్లు పోయాయి. "నావల్ల కాదక్కా. పోదాం పద. ఉల్లిగడ్డలే నయం, నోరెత్తవు."

"ఈ ఒక్కసారికీ ఓపిక పట్టరా."

తెల్ల చుక్కతో పైకి వెళ్లిన ఇగరాషి చాలాసేపు రాలేదు. ఎక్కడో పడి, అక్కడినుంచే తిడుతూ ఉంటాడనుకుంది చిజురు.

చివరికి చెట్ల మధ్య నుంచి వచ్చాడు. మెత్తటి మంచు మీద తేలుతూ వచ్చాడు. గట్టి మంచు మీదకు దిగి, చెయ్యి నేలకు తగిలేంతగా ఒరిగి ఒక మలుపు, అటు ఒరిగి ఇంకో మలుపు తిరిగాడు. వ్యాను ముందు ఆగాడు. ఆ ముఖంలో నవ్వు చూడటం వాళ్లకదే మొదటిసారి.

"ఇదమ్మా బోర్డంటే! మొదటే ఇది ఇచ్చుంటే నా నడుము దక్కేది కదా? నా దుకాణాలన్నిటికీ ఇదే ఖాయం. వెంట్రుకవాసి తేడా రాకూడదు. ఆ మిగతా మూడింటినీ పొయ్యిలో పెట్టండి."

చిజురు నడుము దాకా వంగింది. కన్నీళ్లు దాచుకోవడానికి అలాగే కాసేపు ఉండిపోయింది.

ఇగరాషి కారు మలుపు తిరిగాక, తకుమా పట్టీలను వెనక్కి జరిపిన స్క్రూడ్రైవరునూ, అంచులు సరిచేసిన ఆకురాయినీ పక్కన పెట్టి, బోర్డు మీది తెల్ల చుక్కను గోటితో గీకాడు. దాని కింద పసుపు, పసుపు కింద నీలం, నీలం కింద ఎరుపు.