రాఘవమ్మ పట్టీలో సున్నా

గరిట చప్పుడు విని మా ఆవిడ రాఘవమ్మ ఒంట్లో ఎలా ఉందో చెప్పగల మొనగాణ్ణి నేను. ఇప్పుడు అందరి నడుములకూ మందు పట్టీలున్నాయి. నొప్పి ఎంతుందో కొలుచుకుని అవే మందు వదులుతాయి. మా రాఘవమ్మ పట్టీ మాత్రం ఎప్పుడూ సున్నాయే చూపేది. ఆమెకు నొప్పన్నదే లేదని వీధంతా చాటాను.

నిన్న బిందె ఎత్తబోయి కూలబడింది. అప్పుడూ పట్టీ పదికి మూడే చూపింది, మందు వదల్లేదు. పట్టీ బిగించిన జోజిని పిలిచాను.

"పిన్నిగారూ, నొప్పి లేనప్పుడు నొక్కి సున్నా పెట్టుకోమన్న మీట ఎప్పుడు నొక్కారు?"

"అంట్లు తోమి లేచాక, నాయనా."

"అప్పుడు నడుం లాగలేదా?"

"అది రోజూ ఉండేదేగా. దాన్నీ నొప్పంటారా?"

రోజూ ఉండే నొప్పినే ఆమె సున్నా చేసేసింది. నా గరిట విద్య సంగతంటారా, దానితో నాకు తెలిసేది కూర ఉడికిందో లేదో, అంతే.

ముందు జోజి తన చేత్తో మందిచ్చి, నొప్పంతా పోయాక మీట మళ్లీ నొక్కించాడు. "ఏమండీ, నడుమంటే ఇలా ఉంటుందా?" అంది రాఘవమ్మ.

ఆ మాట మాత్రం నేను కల్పించాను. ఆమె పట్టపగలు, పొయ్యి మీద అన్నం ఉండగానే, హాయిగా నిద్రపోయింది.