మెడ కింద ఇస్సాకు

ఊరి సెంటర్లో సెల్యూట్ కొడుతూ నిలబడ్డ వీరజవాను హెన్రీ విగ్రహంలో తల మాత్రమే హెన్రీది. మెడ కింద నుంచి బూట్ల దాకా ఫోటోగ్రాఫర్ ఇస్సాకుది.

ఈ సంగతి తెలిసినవాడు తనొక్కడేనని ఇస్సాకు నమ్మకం. భార్య సిల్వియాకి కూడా చెప్పలేదు. చెబితే బతకనివ్వదు.

“హెన్రీ ఇంత బొద్దుగా ఉండేవాడు కాదు కదండీ?” అని ఆవిడ అడిగినప్పుడల్లా, “మిలట్రీ తిండి మరి!” అని మాట మార్చేసేవాడు.

కార్గిల్ యుద్ధంలో హెన్రీ చనిపోయాడన్న కబురు కలిదిండి అవతల చెరువుల మధ్యనున్న ఆ ఊరికి చేరిన రోజు, జనమంతా స్టూడియో మీద పడ్డారు. ఊరేగింపుకి మిలట్రీ డ్రెస్సులో ఫోటో కావాలన్నారు. ఉన్నదేమో క్రిస్మస్‌నాడు చర్చి మెట్ల మీద తీసిన గ్రూపు ఫోటో. సరదా పడ్డవాళ్ళకి తొడగడానికి స్టూడియోలో ఓ కోటు, టై, మిలట్రీ డ్రెస్సు ఉండేవి. ఆ డ్రెస్సులోకి ఇస్సాకే దూరి, ఊపిరి బిగబట్టి, సెల్యూట్ కొట్టి, కెమెరాకి టైమర్ పెట్టి తన ఫోటో తనే తీసుకున్నాడు. తన తల కత్తిరించి హెన్రీ తల అతికించాడు. ఊరేగింపు అయిపోతే ఎవరు చూస్తార్లే అనుకున్నాడు.

తీరా విగ్రహం చెయ్యడానికి ఆ ఫోటోయే తణుకు శిల్పి చేతికి వెళ్ళింది. మహానుభావుడు ఏదీ వదల్లేదు. ఎంత బిగబట్టినా లోపలికి పోని బొజ్జని సిమెంటుతో గుండ్రంగా దిద్దాడు. చిన్నప్పుడు చెడుగుడులో విరిగి వంకరగా అతుక్కున్న చిటికెన వేలు సెల్యూట్‌లో విడిగా లేచి ఉంటే, దాన్నీ అలాగే నిలబెట్టాడు.

విగ్రహం సరిగ్గా స్టూడియో ఎదురుగా ఉంది. పొద్దున్నే షట్టర్ ఎత్తగానే ఇస్సాకుకి తన బొజ్జే దర్శనం. బల్లి మీద పడితే వీధంతా వినపడేలా అరిచేవాడు, ఇంజెక్షన్ అంటే నర్సు చెయ్యి పట్టుకుని బతిమాలేవాడు, కొర్రమీను తల పాము తలలా ఉంటుందని వంటింట్లోంచి పారిపోయేవాడు. అలాంటివాడి ఒంటికి ఏటా పెద్దమనుషులు వచ్చి దండలు వెయ్యడం! ‘నన్ను యుద్ధానికి పంపించి ఉంటే తుపాకీతో పనే లేదు. శత్రువులు నవ్వి నవ్వి చచ్చేవాళ్ళు’ అనుకునేవాడు.

సంస్మరణ సభ రోజు మాత్రం ఆ నవ్వు రాదు. ఇంకా మీసం కూడా సరిగ్గా రాని కుర్రాడు, గాయపడ్డ తోటి జవానుని భుజాన వేసుకుని కొండ కిందికి దించాడు. ఇంకొకడు పైనే ఉండిపోయాడని మళ్ళీ వెళ్ళాడు. తిరిగి రాలేదు. జెండా కప్పిన పెట్టె వచ్చింది. తెరవద్దన్నారు. తల్లి సూరమ్మ ఆ పెట్టె మీద వేసిన చెయ్యి తియ్యకుండా కూర్చుంది. వేదిక మీద మాట్లాడేవాళ్ళు ఈ మాట దగ్గరికొచ్చేసరికి ఇస్సాకుకి ఏటా ఏడుపొస్తుంది. కళ్ళు తుడుచుకుని తలెత్తితే ఎదురుగా తన బొజ్జ. ఛీ, వెధవ బతుకు అనుకుంటాడు.

సభ కాగానే సూరమ్మ విగ్రహం బూట్లు కొంగుతో తుడిచి, నేరుగా స్టూడియోకి వచ్చేది. చేతిలో క్యారేజీ. అందులో కొర్రమీను పులుసు. కొడుక్కి ఫోటో చేసిపెట్టాడన్న అభిమానం కాబోలు అనుకుని, ఇస్సాకు కళ్ళు మూసుకుని మింగేవాడు. తింటున్నంతసేపూ ఆవిడ అతని చెయ్యే చూస్తూ కూర్చునేది.

“పులుపు సరిపోయిందా అయ్యా?”

“బ్రహ్మాండంగా ఉందండీ.”

“ఇంకో ముక్క వేసుకో. చిక్కిపోతున్నావు.”

చిక్కిపోవడం! బెల్టుకి కొత్త బెజ్జాలు పొడుచుకుంటున్న మనిషిని పట్టుకుని!

2006లో, సభ ఇంకో వారం ఉందనగా, సర్పంచ్ పాండురంగారావుగారు స్టూడియో మెట్లెక్కారు.

“ఏవండీ ఇస్సాకుగారూ, బడి పిల్లలు మన హెన్రీని ‘బొజ్జ జవాను’ అంటున్నారండీ. వినలేకపోతున్నాం. కొత్త విగ్రహం పెట్టిద్దాం. సూరమ్మగారి చేత ఊఁ అనిపించే పూచీ మాత్రం మీదేనండీ.”

ఇస్సాకు గంతు వేసినంత పని చేశాడు. ఇన్నాళ్ళకి శని వదిలింది.

సభ రోజున ఆవిడ క్యారేజీ విప్పుతుండగా మెల్లగా కదిపాడు.

“కొత్త విగ్రహం పెడతారటండీ అమ్మా. సన్నగా, నిటారుగా. అచ్చం మనవాడిలాగా.”

“వద్దు.”

“పిల్లలు నవ్వుతున్నారండీ.”

“నవ్వనీ. వాడూ నవ్వించేవాడేగా. నాకు ఇదే ఉండాలి.”

నిజం చెబితే తప్ప ఈవిడ ఒప్పుకోదు. చెబితే, ఇన్నేళ్ళూ కొంగుతో తుడిచింది పరాయివాడి కాళ్ళని తెలిస్తే, ఆ తల్లికి మిగిలిన ఆ కాస్త కొడుకూ పోతాడు. చెప్పకపోతే, ప్రాణమిచ్చిన కుర్రాడు సొంత ఊళ్ళో బొజ్జ జవానుగా ఉండిపోతాడు. వాడి పరువు తీస్తున్న బొజ్జ తనది.

జీవితంలో మొదటిసారి ధైర్యం చేశాడు.

“అమ్మా, ఆ ఫోటోలో ఉన్నది... ఆ ఒళ్ళు... హెన్రీది...”

మాట పూర్తి కాలేదు. సూరమ్మ అన్నం మీద పెద్ద ముక్క వడ్డించి, అతని వంకర చిటికెన వేలు పట్టుకుని నెమ్మదిగా నిమిరింది.

“తల మావాడిదీ, ఒళ్ళు నీదీ అని విగ్రహానికి ముసుగు తీసిన రోజే ఈ వేలు పట్టిచ్చింది అయ్యా, లేకపోతే వాడికిష్టమైన పులుసు ఏటా నీకెందుకు తినిపిస్తాననుకున్నావు?”