నీలిమందు కింద చేతులు

మా సాలెగల్లీ పోరగాళ్ళకున్నంత నున్నటి చేతులు కరీంనగర్ జిల్లా మొత్తంలో ఎవరికీ లేవు. రంగుకాగుల్లో మోచేతుల దాకా మునిగినా, ఒక్కడికి ఒక్క పొక్కు రాలేదు.

అలాంటి గల్లీలో సిద్దిరాములు చేతులు పగిలాయి.

ఆంధ్రా తెలంగాణా ఒకే రాష్ట్రమైన మరుసటేడు, చలికాలం. వేళ్ళ సందుల్లో పుండ్లు, రసి. పొద్దున్నే కులం కూర్చుంది.

"గిది పెద్దరోగమే, కుష్టే," అన్నాడు కులపెద్ద పర్శరాములు. "ఊరవతల గుడిసె ఏసుకోని ఉండాలె. మళ్ళ గల్లీల అడుగు పెట్టద్దు."

సిద్దిరాములు చేతులు చంకల్లో దాచుకున్నాడు. ఇరవై ఏళ్ళు నిండలేదు వాడికి.

తల్లి శంకరవ్వ పెద్దమనిషి కాళ్ళ మీద పడింది. "ఒక్కగానొక్కడు పెద్దయ్యా!"

"ఒక్కని కోసం గల్లీనంత ఆగం జేయమంటవా?"

అప్పుడే, బస్సు కోసం ఆగి తాగడానికి నీళ్ళడిగిన ముసలాయన ఒకడు గుంపులో తలదూర్చాడు. మాసిన గడ్డం, భుజాన మూట.

"పిలగా, గోకుడున్నదా?"

సిద్దిరాములు చేతులు బయటికి తీశాడు. "ఉన్నది తాతా. నిద్ర పట్టది."

ముసలాయన తుమ్మముల్లు తీసి పుండు పక్కన గుచ్చాడు.

"అవ్వో!"

"చూసిండ్రా? పెద్దరోగమైతే మొద్దుబారుతది. గిట్ల గోక్కోబుద్ది గాదు. దీన్ని దవఖానల ఎగ్జిమా అంటరు. అంటుకోదు. మీ ఇంట్ల ఎవలకన్న దమ్ము, ఆయాసం ఉన్నదా?"

"నాకే ఉన్నది," అంది శంకరవ్వ.

"గసొంటి ఇండ్లల్ల జల్ది వస్తది. పొద్దంత రంగునీళ్ళాయె, మీదికెళ్ళి చౌడుతోని కడుగుడాయె, గీ చలాయె. రాకేం జేస్తది?"

పర్శరాములు కూర్చున్నచోటే కళ్ళెర్రజేశాడు. "ఏ ఊరు నీది? మా నడుమ నీకేం పని? ఇంతమంది పోరగాండ్లు రంగుల మునుగుతుండ్రు. ఈనొక్కనికే ఎందుకొచ్చింది?"

"ఒక్కనికేనా?"

ముసలాయన పక్కనున్న కుర్రాడి చెయ్యి ఒడిసిపట్టాడు. వాడు వెంకటి, పర్శరాములు కొడుకే.

"ఇడువు! ఇడువు తాతా!"

మూటలోంచి నూనెగుడ్డ తీసి రుద్దేసరికి, చేతికి మెత్తిన నీలిమందు ఊడివచ్చింది. కింద అవే పగుళ్ళు.

కులమంతా ముందుకు వంగి చూసింది.

ఇంకొకడు చెయ్యి చాచాడు. వాడిని చూసి మరొకడు. పెద్దరోగమంటారని జడిసి, పుండు మీద నీలిమందు మెత్తుకొని తిరుగుతున్నవాళ్ళే అంతా. ఆ మెత్తుడుకే అది ఇంకా రేగేది.

ఒక్కడికీ పొక్కు రాలేదన్నానా? నాలాంటి ముసలాడు కోతలు కోస్తుంటే నమ్మేశారా! గల్లీలో సగం మందికి ఉంది.

"కడిగిన ఎంబడే నూనె రాయుండ్రి. జర తడికి దూరముండుండ్రి. ఫికర్ లేదు," అని మూట ఎత్తుకున్నాడు ముసలాయన.

బస్సు హారన్ కొట్టింది. శంకరవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చేసరికి ఎక్కేశాడు.

గల్లీలో అందరికన్నా పెద్దది బుచ్చవ్వ. ఆమె పర్శరాములు చెవిలో ఏదో చెప్పింది. ఆయన ముఖం పాలిపోయింది. "ఆపుండ్రి! ఆపుండ్రి!" అంటూ, రుమాలు ఊడిపోతున్నా చూసుకోకుండా బస్సు వెనక ఉరికాడు.

ఉరికింది మాత్రం నేను కల్పించాను. ఆయన కూర్చున్నచోటు నుంచి లేవనే లేదు.

ఎలా లేస్తాడు? ఆ పోయినవాడు, ఇదే గోకుడుకు పెద్దరోగమని పేరుపెట్టి, ఇదే చోట కూర్చొని అప్పటి కులపెద్ద, వాళ్ళ బాపే, ఊరు దాటించిన పర్శరాములు సొంత అన్న.