అవతలి ఇంటి కాన్పు

"తలుపు తియ్యకు. అది గాలి," అన్నాడు తోర్‌గ్రిముర్, పెరుగు గిన్నెలోంచి తలెత్తకుండా.

"గాలికి గుప్పిళ్ళుండవు," అంది అతని భార్య స్టెయినున్.

ఐస్‌లాండ్ తూర్పు తీరంలో పెళ్ళికి ముందు నుంచీ కాన్పులు చేస్తున్న మంత్రసాని ఆమె. ఏ చప్పుడు ఎవరిదో వింటే చెప్పగలదు. ఇది నొప్పులు పడుతున్న భార్యను ఇంట్లో వదిలి వచ్చిన మొగుడి చప్పుడు.

తలుపు తీసింది. బయట పొగమంచు. గడప ముందు ఒక యువకుడు. అతని పిడికిళ్ళ మీద తోలు లేచిపోయి నెత్తురు కారుతోంది. మా తలుపు మరీ అంత గట్టిదేం కాదే, అనుకుంది స్టెయినున్. ఎదురుగా ఆమె నిలబడినా అతని చూపు ఆమె మీద ఆగలేదు. ఆమె గుండా వెనక్కెక్కడికో చూస్తూ బతిమాలుతున్నాడు.

"ఎవరైనా ఉంటే రండి. మా స్వాన్‌లౌగ్ నిన్నటి నుంచి నొప్పులు పడుతోంది. ఈ మంచులో డాక్టరు రాలేడు. పోయినసారి బిడ్డ దక్కలేదు. ఈసారి ఇద్దరూ పోయేలా ఉన్నారు."

స్టెయినున్ అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. అతను ఉలిక్కిపడి, ఆమెను అప్పుడే చూసినట్టు చూశాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఉండు, సంచీ తెచ్చుకుంటా."

లోపల అత్తగారు గుద్‌ఫిన్నా అప్పటికే లేచి నిలబడింది.

"వాళ్ళే," అంది గొంతు తగ్గించి. ఆ తీరంలో వాళ్ళ పేరెత్తరు. ఎత్తితే వింటారట. "మా అమ్మనీ ఒకసారి ఇలాగే తీసుకెళ్ళారు. వాళ్ళ ఆడవాళ్ళకి కాన్పు కష్టమైతే మన చెయ్యి పడితేగాని బిడ్డ బయటికి రాదు."

"ఈ రోజుల్లో కూడా ఇవేం కబుర్లే అమ్మా?" అన్నాడు తోర్‌గ్రిముర్. "వాళ్ళూ లేరు, వీళ్ళూ లేరు. ఎవడో దారి తప్పినవాడు."

"నువ్వు నోరు ముయ్యి. ఇదిగో అమ్మాయ్, వాళ్ళింట ఏం పెట్టినా తినకు. తిన్నావంటే తిరిగి రాలేవు."

"కాఫీ కూడానా అత్తయ్యా?"

"కాఫీ కూడా."

అది మాత్రం అన్యాయమనిపించింది స్టెయినున్‌కి.

నాచు పట్టిన లావా రాళ్ళ మీదుగా నడిచారు. ఆమె వెనక ఉందో లేదోనని అతను మాటిమాటికీ తిరిగి చూస్తున్నాడు. అది రోజూ ఆమె గొర్రెలు తోలే దారే. అక్కడ ఇల్లుందని ఏనాడూ ఎరగదు. అయినా మంచులోంచి ముందు గోడ, తర్వాత కప్పు, ఆ తర్వాత గడపలో నిలబడ్డ ఒక ముసలమ్మ కనబడింది.

ముసలమ్మ ఆమె చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. "వెచ్చగానే ఉందే!" అంది ఆశ్చర్యంగా.

స్టెయినున్ కూడా సరిగ్గా అదే అనుకుంటోంది.

గదిలో స్వాన్‌లౌగ్ పెదాలు ఎండిపోయి, అరిచే ఓపిక కూడా లేక పడి ఉంది. స్టెయినున్ చెక్క గొట్టం పొట్టకి ఆనించి చెవి పెట్టింది. గుండె కొట్టుకుంటోంది, నీరసంగా. చేత్తో తడిమి చూసింది. బిడ్డ వీపు తల్లి వీపు వైపు తిరిగి ఉంది. అందుకే ఇరుక్కుంది.

"లేమ్మా. చేతుల మీద, మోకాళ్ళ మీద వంగు."

"గొర్రెలాగానా?"

"గొర్రెలు నాకు కబురు పెట్టకుండానే కంటున్నాయి. వాటిని చూసి నేర్చుకోవాల్సిందే."

స్వాన్‌లౌగ్ ఆమె మణికట్టు పట్టుకుని వంగింది. నొప్పికీ నొప్పికీ మధ్య తల తిప్పి అడిగింది.

"మీరు నిజమేనా?"

"నా చెయ్యి విరిచేసేలా ఉన్నావు. నిజమే."

పొట్ట కిందికి వేలాడేసరికి బిడ్డ మెల్లగా తిరిగింది. ఆ తర్వాత ఆగలేదు. ఆడపిల్ల. నీలంగా, చప్పుడు లేకుండా వచ్చింది. స్టెయినున్ వీపు రుద్దింది, మళ్ళీ రుద్దింది.  అప్పుడు ఏడ్చింది పాప, ఇల్లు ఎగిరిపోయేలా.

నెత్తురు ఎక్కువగానే పోయింది. స్టెయినున్ పాపను రొమ్ముకు అందించి, తల్లి పొత్తికడుపు గట్టిపడేదాకా పట్టి రుద్దింది. చివరికి నెత్తురు ఆగింది.

ముసలమ్మ కాఫీ, నూనెలో వేయించిన మెలికల రొట్టెలు తెచ్చింది. స్టెయినున్ గుటక మింగి, వద్దంది.

"మీరు తినరని మా అమ్మమ్మ చెప్పేది," అంది ముసలమ్మ. "అయినా అడక్కపోతే బాగుండదు కదా."

స్టెయినున్ అతని వైపు తిరిగింది. "పోయిన బిడ్డ ఎప్పుడు?"

"పోయిన వేసవిలో."

"అయితే విను. నీ పెళ్ళాం ఒళ్ళు కోలుకోనియ్యి. ఈ పాప గొర్రెల వెంట పరిగెత్తేదాకా ఇంకో కాన్పు మాటెత్తకు. ఏం చెయ్యాలో డాక్టర్ని అడుగు, లేదా పశువుల పాకలో పడుకో. వచ్చే ఏడాది మళ్ళీ నా తలుపు బాదావో, నేను తియ్యను."

అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. ముసలమ్మ నోటికి శాలువా అంచు అడ్డం పెట్టుకుంది.

వెళ్ళేటప్పుడు ముసలమ్మ ఆమె చేతిలో ఒక జత ఉన్ని చేతి తొడుగులు పెట్టింది. "తీసుకో తల్లీ. నేనే అల్లాను."

రాళ్ళ దగ్గర అతను ఆమె చెయ్యి వదిలాడు. స్టెయినున్ కాస్త దూరం వెళ్ళి వెనక్కి చూసింది. అతను తాను బాదిన రాళ్ళనే తడుముతూ అటూ ఇటూ వెతుకుతున్నాడు. ఆమె అతని కళ్ళెదుటే ఉంది.

ఇంట్లో గుద్‌ఫిన్నా గుమ్మంలోనే పట్టుకుంది. "తిన్నావా?"

"కాఫీ వాసన పీల్చాను. అదీ తప్పేనా?"

"ఏం, కనిపించారా వాళ్ళు?" అంటూ నవ్వాడు తోర్‌గ్రిముర్. ఆమె తొడుగులు బల్ల మీద పెట్టింది. అతని నవ్వు ఆగింది. ఒక్కో తొడుగుకీ రెండేసి బొటనవేళ్ళు.

"వాళ్ళకి ఆరు వేళ్ళా?"

"ఐదే. పాపవి నేనే లెక్కపెట్టాను. ఒక పక్క అరిగితే తిప్పి తొడుక్కోవడానికేమో అది. ఏడుపు కూడా అచ్చం మన పిల్లల ఏడుపే."

అతను తొడుగులో చెయ్యి దూర్చాడు. ఉన్ని ఇంకా వెచ్చగా ఉంది. బొటనవేలు ఒకదాంట్లోంచి తీసి రెండోదాంట్లో పెట్టి చూశాడు. తర్వాత తల్లి వైపు చూడకుండా, ఆ తీరంలో ఎవరూ ఎత్తని పేరు ఎత్తాడు.

"అయితే మనుషులు నిజంగానే ఉన్నారన్నమాట."