తిట్టే వంతు

వైన్‌షాపు ముందు వరుసలో మునికుమార్ చిట్టచివరివాడు. ముందు ముగ్గురే ఉన్నారు. ఇంకో ఐదు నిమిషాలు ఓపిక పడితే చాలు, తొంభై మూడు రోజుల ఒట్టు గంగలో కలిసిపోతుంది.

అడ్డుకునేవాళ్లు లేరు. మామూలు రోజైతే వేరే సంగతి. అతని భార్య పవిత్ర ఫోన్‌లో మొగుడి ఫోటో పెట్టుకుని తిరుపతిలో తనకు తెలిసిన ప్రతి షాపూ ఎక్కి దిగింది. "ఈ మొగాన్ని గుర్తు పెట్టుకోండన్నా. వస్తే సీసా ఇయ్యొద్దు, నాకు ఫోన్ కొట్టండి" అని చెప్పి వచ్చింది. కానీ ఈరోజు గంగ జాతరలో బొగ్గు వేషం కట్టే రోజు. ఒళ్లంతా బొగ్గుపొడి, తలకూ నడుముకూ వేపాకు. కన్నతల్లి ఎదురొచ్చినా పోల్చుకోలేదు.

ఆ బొగ్గు పూసింది కూడా పవిత్రే. "జాతర దాకా మా ఆయన చుక్క ముట్టకుంటే వేషం కట్టిస్తా తల్లీ" అని మొక్కుకుంది పాపం. వీపు అతనికి అందదని దగ్గరుండి తనే రుద్దింది. మానినందుకు కట్టిన వేషమే తాగడానికి పనికొస్తుందని ఆ పిచ్చిదానికేం తెలుసు?

నడుముకు కట్టిన గుడ్డసంచిలో ఫోన్ ఉంది. తాగుడు మానినవాళ్లు ఆదివారం ఆదివారం కూర్చునే చోట కుప్పయ్య మొదటిరోజే చెప్పాడు, "నాలిక పీకినప్పుడు ముందు నాకు ఫోన్ కొట్టు. అంగడికి ఆ తర్వాత పోదువు" అని. కుప్పయ్య ఆటో నడుపుతాడు. పన్నెండేళ్లుగా చుక్క ముట్టని మనిషి. మునికుమార్ ఆయన్ను దేవుడి పటం పక్కన పెట్టి చూసుకుంటాడు. అందుకే ఇప్పుడు ఫోన్ తీయలేదు. తీస్తే ఆయన ఎత్తుతాడు, ఎత్తితే మాట్లాడతాడు, మాట్లాడితే ఇంక తాగినట్టే.

వెనకనుంచి ఎవరో వేపమండతో వీపు మీద ఒక్కటేశారు.

"ఒరే దొంగ నా బట్టా, యాడికిరా వచ్చినావు?"

తిరిగి చూస్తే ఇంకో బొగ్గు వేషం. కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనబడటం లేదు. పొద్దున్నుంచి వీధుల్లో అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉంది. జాతరలో వేషం కట్టినవాడు ఎవర్నయినా తిట్టొచ్చు. తిట్టించుకున్నవాడు నవ్వుతూ పడాలే గాని కోపం తెచ్చుకోకూడదు, అది తల్లి దీవెన. పొద్దున మునికుమార్ కూడా వీధిలో ఒక్కర్నీ వదల్లేదు.

"మొక్కు తీర్సుకోను వచ్చినావా, మందు తాగను వచ్చినావా? తల్లి వేషం కట్టిన చేత్తో సీసా పట్టుకుంటావా? నీ చెయ్యి ఇరగ."

వరుసలో ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు.

"పండగ కదన్నా" అని గొణిగాడు మునికుమార్.

"పండగ ఊరికిరా. నీ కార్జానికి కాదు."

"ఒక్క క్వార్టరే."

"ఎప్పుడన్నా ఒక్కదాంతో ఆపిన మొగమేనా అది? ఇంట్లో నీ పెండ్లాము దిండు కింద సీసా ఎతికేది మానేసి ఇప్పుడు నిమ్మళంగా నిద్రపోతా ఉండాది. నీ కూతురు నలుగురిలో తలెత్తుకోని, మా నాయన మారినాడని చెప్పుకుంటా ఉండాది. పో, పోయి ఆ బిడ్డకు చెప్పు, బొగ్గు కడిగినా కింద నలుపే ఉండాదని."

మునికుమార్ వాడి మొహంలోకి పరీక్షగా చూశాడు. దిండు సంగతి వీడికెలా తెలుసు? కూతురు సంగతి? సాక్షాత్తూ గంగమ్మ తల్లే వచ్చి తిట్టినట్టనిపించింది. కళ్లనీళ్లు కారి బొగ్గు మీద రెండు చారలు పడ్డాయి. తలవంచుకుని వరుసలోంచి బయటికొచ్చేశాడు.

"ఒకడు తగ్గినాడు" అన్నారెవరో సంతోషంగా.

రోడ్డు దాటి చెరుకురసం బండి దగ్గర నిలబడి ఒక గ్లాసు తాగాడు. నిమ్మకాయ, అల్లం బాగానే పడ్డాయి. తొంభై మూడూ భద్రంగా ఉన్నాయి, రేపు తొంభై నాలుగు. ఈ సంగతి ముందు కుప్పయ్యకే చెప్పాలనిపించి ఫోన్ కొట్టాడు.

రోడ్డవతల వైన్‌షాపు దగ్గర ఎవరిదో ఫోన్ మోగింది. కుప్పయ్య ఎత్తలేదు. మునికుమార్ ఆపేశాడు. అవతల మోత కూడా ఆగింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ మోగింది.

తలెత్తి చూశాడు. ఇందాక తాను ఖాళీ చేసిన చోటికి వచ్చి వరుసలో నిలబడి ఉంది ఆ బొగ్గు వేషం. మోత వాడి నడుముకున్న వేపాకుల్లోంచే వస్తోంది. పిడికిట్లో మడిచిన ఐదువందల నోటు ఉంది.

మునికుమార్ ఒక్క పరుగున రోడ్డు దాటి వాడి నుదుటి మీది వేపాకు పైకెత్తాడు.

"కుప్పయ్యన్నా, నువ్వా? అంత బొగ్గులో నన్నెట్ల గుర్తు పట్టినావు?"

కుప్పయ్య వెర్రిచూపు చూశాడు. "మునికుమారా? నువ్వని నాకు యాడ తెలుసప్పా. నేను చెప్పుకున్నదంతా నా ఇంటి సంగతే."

"మళ్లీ ఈడ నిలబడినావేందన్నా?"

కుప్పయ్య చేతిలోని నోటును ఇంకో మడత పెట్టాడు.

"నా తిట్లు నీకు తగిలినాయి, నాకు తగల్లేదు. నా ముందర ఇంగ ఒక్కడే ఉండాడు. వాడు పోయేలోపల, బిన్నా నువ్వు తిట్టప్పా."