గోడ మీది సెంచరీ

నల్లగొండలో మ్యాచ్ ఆడి వచ్చిన జేబా, కిట్‌బ్యాగును తండ్రి మోయిజ్ కాళ్ల ముందు విసిరికొట్టింది.

"బాల్ నా బ్యాటుకు తాకి కీపర్ చేతుల పడ్డది. అంపైర్ నాటౌటన్నడు. నువ్వు నేర్పినట్లే నేనే ఒప్పుకొని బయటికొచ్చిన. మ్యాచ్ పాయె, టీముల నా జాగ పాయె!"

"మంచి పని చేసినవ్ బిడ్డా."

"నువ్వు గిట్లనే ఒప్పుకుంటే గా సెంచరీ అవుతుండెనా?" అంటూ గోడ మీద పటం కట్టించిన అతని రంజీ సెంచరీ వార్తను చూపించింది.

మోయిజ్ లేచి ఆ పటం దించాడు.

"పన్నెండు పరుగులకాడ నాకూ తాకింది. ఒప్పుకోలే. గా బౌలర్‌కు గదే మొదటి మ్యాచ్. వికెట్ దొరకలేదని మళ్ల పిలువలే. గందుకే నీకు నేర్పిన."

"ఆయనకు చెప్పినవా?"

మోయిజ్ పటాన్ని బోర్లించి బల్ల మీద పెట్టాడు.

"నన్ను గ్రౌండ్ నిండ జనం ముంగట ఒప్పుకోమంటివి. నువ్వు గా ఒక్క మనిషికి చెప్పలేకపోతివా, అబ్బాజాన్?"